బానెట్ కింద ఎలుక

యాసంగి నాట్లు అయిపోయాయి. ఇక కొన్నాళ్ళు దున్నుడు పని లేదు. ట్రాక్టర్ ఇరవై రోజుల నుంచి కొట్టంలో ఒక మూలకు నిలబడి ఉంది. దాని పక్కనే పత్తి కుప్ప ఉంది. ధర పెరిగితే అమ్ముదామని ఇంటి ఆసామి ఆపుకున్నాడు. వెనక గోడకు ఆనించి మక్కల బస్తాలు పేర్చి ఉన్నాయి.

ఇట్లాంటి కొట్టాలు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఎలుకకు ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. తినడానికి మక్కలు ఉన్నాయి. పరుపుకు పత్తి ఉంది. దాక్కోవడానికి ట్రాక్టర్ ఉంది. బానెట్ కిందికి పిల్లి కూడా దూరలేదు.

ఒక పొద్దున ఆసామి ట్రాక్టర్ ఎక్కాడు. తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

"బ్యాటరీ దిగినట్టుంది. నలుగురిని పిలువు బిడ్డా, నూకుదాం" అని కొడుకుతో అన్నాడు.

ట్రాక్టర్లు బాగుచేసే మిస్తిరి అప్పుడే అటు నుంచి పోతున్నాడు. చూసి ఆగాడు.

"కాకా, జర ఆగు. బానెట్ లేపి చూసినవా?"

"లేపలే. చూసేదేమున్నది తమ్మీ? మొన్నటిదాక మంచిగనే నడిచింది."

"ముందుగాల తాళం తియ్. చూద్దాం."

బానెట్ లేపారు. బ్యాటరీ పక్కన దోసెడు పత్తి ఉంది. పత్తిలో గోనెసంచి పీచు, మక్కల పొట్టు, నల్లని ఎలుక పెంటికలు ఉన్నాయి. పత్తిని కట్టెతో జరిపితే మూడు వైర్లు తెగి కనిపించాయి. ఇంకొక వైరు తెగలేదు. కాని దాని పైతొడుగు పోయింది. లోపలి రాగి మెరుస్తోంది. ఆ రాగికి, ఇంజను ఇనుముకు నడుమ వేలెడు సందు కూడా లేదు.

"తెగినవాటితోని బండి నడవది, గంతే. ఈ తెగని దాన్ని చూడు కాకా. నువ్వు నూకినప్పుడు ఇది ఊగి ఇనుముకు తాకితే నిప్పురవ్వలు లేస్తయి. బానెట్ల పత్తి, పక్కన పత్తి" అన్నాడు మిస్తిరి.

ఆసామి పత్తి కుప్ప దిక్కు చూశాడు. ఇంటిల్లిపాది ఏడాది కష్టం అది.

పళ్ళ సంగతి

ఎలుక వైరును తినదు. దాని కడుపుకు ప్లాస్టిక్ పనికిరాదు, రాగి అసలే పనికిరాదు. మరి ఎందుకు కొరుకుతుంది?

ఎలుకకు ముందు భాగంలో పైన రెండు, కింద రెండు కోరపళ్ళ వంటి పళ్ళు ఉంటాయి. అవి పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. మన గోళ్ళ లాగా అన్నమాట. అరగకుండా వదిలేస్తే ఏడాదికి నాలుగైదు అంగుళాలు పెరుగుతాయి. అప్పుడు నోరు మూతపడదు. తిండి తినలేదు. అందుకే ఎలుక దొరికినదాన్నల్లా కొరికి పళ్ళు అరగదీస్తుంది. ఆ పన్ను ముందు వైపు గట్టిగా ఉంటుంది, వెనక వైపు మెత్తగా ఉంటుంది. మెత్తనిది తొందరగా అరుగుతుంది. గట్టిది అంచులాగా మిగులుతుంది. వడ్రంగి ఉలికి సానపట్టినట్టు పన్ను ఎప్పుడూ పదునుగానే ఉంటుంది.

వైరు ఎలుక నోటికి సరిగ్గా సరిపోతుంది. పెన్సిలంత లావు, మరీ గట్టి కాదు, మరీ మెత్తన కాదు. పైగా అది బానెట్ కింద చీకట్లో ఉంటుంది. చలికాలంలో పొద్దంతా నడిచిన ఇంజను రాత్రి కూడా కొంచెం వేడిగా ఉంటుంది. ఇక ఒక ఎలుక అక్కడ మూత్రం పోసిందంటే ఆ వాసనకు ఇంకో ఎలుక వస్తుంది. అందుకే ఒకసారి వైర్లు కొరికిన బండిలోనే మళ్ళీ మళ్ళీ కొరుకుతాయి. వైరు మార్చి, గూడు తీసి, వాసన మాత్రం వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఈ మధ్య కొందరు ఒక మాట అంటున్నారు. కొత్త బండ్ల వైర్ల తొడుగులో సోయా కలుపుతున్నారని, అందుకే ఎలుకలు వస్తున్నాయని. ఆదిలాబాద్‌లో సోయా పండించే రైతుకు ఈ మాట తొందరగా చెవికెక్కుతుంది. కాని ముప్పై ఏళ్ళ కిందటి పాత ట్రాక్టర్ల వైర్లను కూడా ఎలుకలు ఇట్లాగే కొరికాయి. కొరికే గుణం పళ్ళలో ఉంది.

మన దగ్గర బానెట్‌లో దూరేవి ఎక్కువగా ఇంటి ఎలుక, చిట్టెలుక. ఇంటి ఎలుక తాడు మీద కూడా నడుస్తుంది, గోడ ఎక్కుతుంది. చిట్టెలుకకు పెన్ను పట్టేంత సందు ఉంటే చాలు, లోపలికి పోతుంది. పందికొక్కు బరువైనది. అది పైకి ఎక్కేది తక్కువ, కొట్టం నేలను తవ్వేది ఎక్కువ. చెట్టు కింద నిలిపిన బండిలోకి ఉడుత కూడా వస్తుంది. దాని పళ్ళు కూడా అట్లాంటివే.

ఈ బాధ మన పల్లెలకే లేదు. అమెరికాలో సెకోయా అనే పెద్ద అడవి ఉంది. అక్కడ మినరల్ కింగ్ అనే లోయలో మార్మట్ అనే జంతువులు ఉంటాయి. ఉడుత జాతివే, కాని పిల్లి అంత ఉంటాయి. అవి కార్ల కింద దూరి రబ్బరు పైపులు, వైర్లు కొరుకుతాయి. అక్కడికి పోయేవాళ్ళు కారును కింది నుంచి టార్పాలిన్‌తో మూట కట్టినట్టు కట్టి పెడతారు. జపాన్‌లో ఇంకో సంగతి జరిగింది. 2013 మార్చిలో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో కరెంటు పోయింది. వాడిన అణు ఇంధనాన్ని చల్లబరిచే యంత్రాలు ఆగిపోయాయి. అన్నీ మళ్ళీ నడవడానికి ఒక రోజుకు పైగా పట్టింది. వెతికితే కరెంటు పెట్టెలో మాడిపోయిన ఎలుక దొరికింది. దాని వల్లే షార్ట్ అయి ఉంటుందని కంపెనీ చెప్పింది.

తాళం తీసినా కరెంటు ఉంటుంది

తాళం తీస్తే బండిలో కరెంటు ఉండదని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు.

బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటరుకు ఒక లావు వైరు పోతుంది. తాళం పెట్టే స్విచ్చి దాకా ఇంకొక వైరు పోతుంది. ఈ రెండింటిలో పగలు, రాత్రి కరెంటు ఉంటుంది. తాళం తిప్పడం అంటే ఆ కరెంటును ముందుకు వదలడం. అంతవరకు అది గుమ్మం దగ్గర కాచుకొని ఉంటుంది.

ఇంకొక సంగతి. ఇంట్లో బల్బుకు రెండు వైర్లు ఉంటాయి. బండిలో చాలా లైట్లకు ఒకటే వైరు కనిపిస్తుంది. రెండోది ఏది? బండి ఇనుమే రెండో వైరు. బ్యాటరీ మైనస్ కొసను బండి ఇనుముకు బిగిస్తారు. కాబట్టి ప్లస్ వైరు తొడుగు పోయి ఇనుముకు ఎక్కడ తాకినా షార్ట్ అవుతుంది. తెగి వేలాడే కొస తాకినా అంతే.

ట్రాక్టర్ బ్యాటరీ 12 వోల్టులది. ముట్టుకుంటే షాక్ కొట్టదు. అందుకే మనిషికి దాని మీద భయం లేదు. కాని షార్ట్ అయినప్పుడు అదే బ్యాటరీ వందల ఆంపియర్ల కరెంటు వదులుతుంది. ఇంట్లో తిరిగే సీలింగ్ ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు. దాంతో పోల్చి చూడండి. వైరు కొలిమిలో ఇనుములాగా ఎర్రగా కాలుతుంది. దాని మీద ఎలుక తెచ్చిపెట్టిన పత్తి ఉంటుంది. రాత్రి ఇంటివాళ్ళు నిద్రలో ఉంటారు.

ఎలుక డీజిలు పైపును కూడా కొరుకుతుంది. బండి కింద నేల తడిగా ఉన్నా, డీజిలు వాసన వచ్చినా తాళం ముట్టుకోకూడదు.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. బండిని నాలుగు రోజులకు మించి నిలిపేటప్పుడు బ్యాటరీ మైనస్ కొసను విప్పి పెట్టాలి. అప్పుడు ఎలుక ఎన్ని వైర్లు కొరికినా బండి నడవదు గాని మంట రాదు. మైనస్ వైరు ఎక్కువగా నల్లగా ఉంటుంది. బ్యాటరీ మీద ఆ కొస పక్కన అడ్డగీత ఉంటుంది. ప్లస్ దగ్గర కూడిక గుర్తు ఉంటుంది. గుర్తు చూసి ముట్టాలి. రంగును మాత్రమే నమ్మకూడదు, ఎవరో ఎప్పుడో వైరు మార్చి ఉండవచ్చు.

విప్పేటప్పుడు మైనస్ ముందు. బిగించేటప్పుడు మైనస్ చివర. ఎందుకు? ప్లస్ విప్పుతుంటే పానా జారి బండి ఇనుముకు తాకవచ్చు. మైనస్ బిగించి ఉంటే అక్కడికక్కడే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. మైనస్ ముందే తీసి ఉంటే ఏమీ కాదు. బ్యాటరీ నుంచి మండే గాలి వస్తుంది. దాని దగ్గర బీడీ ముట్టించకూడదు.

ప్రతిసారీ పానాతో విప్పడం కష్టం అనిపిస్తే ఒక స్విచ్చి పెట్టించుకోవచ్చు. చాలా లారీలకు ఇది ఉంటుంది. బ్యాటరీ వైరుకు నడుమ బిగిస్తారు. తిప్పితే బండికి కరెంటు మొత్తం బంద్ అవుతుంది. కొట్టంలో పత్తి పెట్టుకునే ఇంటికి ఇది అవసరమైన ఖర్చే.

ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ

ఫ్యూజులో సన్నని తీగ ఉంటుంది. లెక్కకు మించి కరెంటు వస్తే ఆ తీగ కరిగి తెగుతుంది. అప్పుడు వైరు కాలదు. ఫ్యూజు పని తెగిపోవడమే.

మన దగ్గర ఏం జరుగుతుంది? ఎలుక కొరికిన వైరు ఇనుముకు తాకుతుంది. ఫ్యూజు పోతుంది. కొత్తది వేస్తే అదీ పోతుంది. డ్రైవరు విసుగుతో రాగి తీగ ముక్కో, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో పెడతాడు. లైట్లు వెలుగుతాయి. "పనైంది" అనుకుంటాడు. ఇప్పుడు తెగడానికి ఫ్యూజు లేదు. ఇక వైరే కాలాలి. ఎలుక చేసింది చిన్న నష్టం. దాన్ని కొట్టం కాలేదాకా తెచ్చేది ఈ తీగ ముక్క.

ఫ్యూజు మీద అంకె ఉంటుంది. 10, 15, 20, 30. అది ఆంపియర్ల లెక్క. కొత్త బండ్లలో రంగు కూడా చెబుతుంది. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పెట్టె మూత మీద ఏ చోట ఏ అంకె పెట్టాలో రాసి ఉంటుంది. అంకెలు చదవడం వచ్చినవాళ్ళు ఒకసారి మూత తీసి తమ బండిలో ఏమున్నదో చూడాలి. 10 ఉండాల్సిన చోట 30 కనిపిస్తే అది కూడా రాగి తీగ పెట్టినట్టే. రెండు ఫ్యూజులు వరుసగా పోయాయంటే ఎక్కడో వైరు తొడుగు పోయిందని అర్థం. మూడో ఫ్యూజు కోసం దుకాణానికి పోకుండా ముందు ఆ చోటు వెతకాలి.

ఎప్పుడు వస్తాయి, బండి ఎక్కడ నిలపాలి

పొలంలో పంట ఉన్నంతసేపు ఎలుక పొలంలో ఉంటుంది. వరి కోసి వడ్లు ఇంటికి రాగానే అదీ ఇంటి దిక్కు వస్తుంది. వానకాలంలో పెద్ద వాన పడితే గట్ల మీది బొరియల్లోకి నీళ్ళు పోతాయి. అప్పుడు కూడా ఎత్తున ఉన్న ఇండ్లకు వస్తుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద, లోయర్ మానేరు కింద రెండు పంటలు వరి వేస్తారు. అంటే ఎలుకకు ఏడాదిలో రెండుసార్లు కోత పండుగ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు పత్తి ఏరుడు మొదలయ్యాక చాలా ఇండ్లలో పత్తి నిలువ ఉంటుంది. మన ట్రాక్టర్ ఖాళీగా నిలబడే రోజులు, ఎలుకలు ఇంటికి వచ్చే రోజులు చాలావరకు ఒకటే. నష్టం ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

అందుకే అన్నిటికంటే ముందు బండిని, తిండిని వేరు చేయాలి. వడ్లు, మక్కలు, పత్తి, పల్లికాయ, పశువుల దాణా ఉన్న కొట్టంలో బండి పెట్టకూడదు. గడ్డివాముకు ఆనించి పెట్టకూడదు. వేరే కొట్టం లేనివాళ్ళు ఎక్కువే. వాళ్ళు ఏం చేయాలి? వాకిట్లో, ఖాళీ నేల మీద నిలిపి టార్పాలిన్ కప్పడం నయం. ఎండ, వాన వల్ల రంగు కొంచెం పోతుంది. రంగు పోయిన ట్రాక్టర్ దున్నుతుంది. కప్పిన టార్పాలిన్ నేలకు జీరాడకూడదు. జీరాడితే అదే ఎలుకకు తలుపు చాటు. బండి చుట్టూ నాలుగైదు అడుగుల నేల చెత్త, చిప్పలు, పాత టైర్లు లేకుండా ఉండాలి. ఎలుక బయలును దాటడానికి భయపడుతుంది. గోడ పక్క నుంచి, సామాను సందు నుంచి పోవడం దానికి అలవాటు.

ట్రాక్టర్ టూల్ పెట్టెలో సద్ది గిన్నె, పల్లీలు, రొట్టె ముక్క వదిలేయడం చాలామందికి అలవాటు. విత్తనం వేసి వచ్చిన గొర్రులో గింజలు మిగిలి ఉంటాయి. ట్రాలీ మూలల్లో వడ్లు ఉంటాయి. ఇవన్నీ ఊడ్చాలి.

బానెట్ తెరిచి పెట్టడం కూడా పనిచేస్తుంది. ఎలుకకు చీకటి కావాలి, మూత కావాలి. కొట్టంలో నిలిపిన బండి బానెట్ రాత్రిపూట లేపి ఉంచితే అది గూడు కట్టడానికి వెనకాడుతుంది. అయితే బానెట్ మీద కోళ్ళు ఎక్కి పడుకుంటాయి. దానికి ఇంటివాళ్ళు ఓర్చుకోవాలి.

గాలి పీల్చే గొట్టానికి, బానెట్ సందులకు సన్నకన్నుల ఇనుప జాలీ కట్టించవచ్చు. జాలీ కన్ను పావు అంగుళం కంటే పెద్దగా ఉండకూడదు. ప్లాస్టిక్ జాలీ వద్దు, అది ఎలుకకు పలుదోము పుల్ల. పొగ గొట్టం మీద డబ్బా బోర్లించడం మంచి అలవాటు. స్టార్టు చేసే ముందు తీయడం మరవకూడదు. గొట్టానికి వేడి తగిలే చోట గుడ్డ, గోనె కట్టకూడదు.

పనిలేని రోజుల్లో కూడా వారానికి ఒకసారి బండిని బయటికి తీసి పావుగంట నడపాలి. మూసిన కొట్టంలో ఇంజను నడపకూడదు, పొగ ప్రాణం తీస్తుంది. కదిలే బండిలో ఎలుక కాపురం పెట్టదు. బ్యాటరీకి కూడా చార్జింగ్ ఎక్కుతుంది.

బయటికి తీసే ముందు బానెట్ మీద చేత్తో రెండు దెబ్బలు వేయాలి. తర్వాత కట్టెతో, టార్చిలైటు వేసి చూడాలి. చెయ్యి పెట్టి తడమకూడదు. ఎలుక ఉన్న చోటికి దాన్ని తినే నాగుపాము కూడా వస్తుంది.

పొగాకు, గోళీలు, కూత యంత్రాలు

ఊళ్ళలో ఎన్నో చిట్కాలు చెబుతారు. కొందరు పొగాకు కట్ట ఇంజను పక్కన కడతారు. కొందరు డాంబరు గోళీలు వేస్తారు. వీటి వాసన కొన్ని రోజులు ఉంటుంది, ఆ కొన్ని రోజులు ఎలుక రాకపోవచ్చు. నాలుగు దిక్కులా గాలి ఆడే కొట్టంలో వాసన ఎంతసేపు నిలుస్తుంది? వాసన పోయాక ఎలుక తిరిగి వస్తుంది. ఆకలిగా ఉన్నది వాసన ఉన్నా వస్తుంది. వీటిని నమ్మి పత్తి పక్కన బండి పెడితే మోసపోతారు. ఇక పొగాకు కట్టనో, గోళీల మూటనో సైలెన్సర్ దగ్గర మరిచిపోతే ఎలుక పెట్టాల్సిన మంట మనమే పెట్టినట్టు.

కారం సంగతి కొంచెం వేరు. మిరపకాయ ఘాటు పట్టించిన టేపు అమ్ముతారు. జపాన్ కార్ల కంపెనీ హోండా తన బండ్ల వైర్లకు చుట్టడానికి ఇట్లాంటి టేపు తయారు చేయించింది. కొరికితే నోరు మండుతుంది. అందరికీ తెలిసిన వరంగల్, ఖమ్మం మిరపకాయ ఘాటు ఎలుకకు మాత్రం కొత్తా? అయితే ఇంట్లో కారంపొడి కలిపి వైర్లకు పూయడం మంచిది కాదు. ఎండి రాలుతుంది. మరమ్మతు చేసేవాడి కండ్లల్లో పడుతుంది.

చెవికి వినపడని కూత పెట్టి ఎలుకలను తరుముతుందని చెప్పి చిన్న యంత్రాలు అమ్ముతున్నారు. ఆ కూత ఇనుమును, బస్తాలను దాటి పోదు. ఎలుక కొద్ది రోజుల్లో దానికి అలవాటు పడుతుంది. 2001లోనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్లాంటి యంత్రాలు చేసే, అమ్మే 60కి పైగా కంపెనీలను హెచ్చరించింది. రుజువు లేకుండా గొప్పలు చెప్పవద్దని అన్నది. ఆ డబ్బుతో నాలుగు మంచి బోనులు వస్తాయి.

బోను, మందు

బోను పాత వస్తువే, కాని కొట్టానికి అదే మేలు. ఎలుక కొత్త వస్తువును చూసి అనుమానపడుతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజులు బోనులో ఎండుచేప ముక్కో, వేయించిన కొబ్బరి ముక్కో పెట్టి, తలుపు పడకుండా ఆపి ఉంచాలి. ఎలుక వచ్చి తిని పోతుంది. పోనీయాలి. నాలుగో రోజు తలుపు సిద్ధం చేయాలి. బోనును గోడ వెంట పెట్టాలి, నడుమ పెట్టకూడదు. పడ్డ ఎలుకను పక్కవాళ్ళ చేను గట్టు మీద వదిలి వచ్చేవాళ్ళూ ఉన్నారు. దాని వల్ల ఎలుకకు గాని, పక్కవాళ్ళతో మాటకు గాని మేలు జరగదు.

మందు సంగతి జాగ్రత్తగా చదవాలి. విత్తనాల దుకాణంలో బ్రోమోడయోలోన్ దొరుకుతుంది. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, 0.25 శాతం మందు 2 పాళ్ళు కలిపి, చిన్న పొట్లాలు కట్టి పొలం బొరియల్లో వేస్తారు. ఇది తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు పడుతుంది. అందుకే మిగతా ఎలుకలకు అనుమానం రాదు. కాని బండి ఉన్న కొట్టంలో మందు పెట్టడం చివరి మార్గం కావాలి. కోళ్ళు, మేకలు, పిల్లలు అక్కడే తిరుగుతారు. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లికీ ముప్పు. గుడ్లగూబ తింటే దానికీ ముప్పు. అవి మన తరఫున రాత్రి పని చేసేవి. ఇంకో ఇబ్బంది ఉంది. ఎలుక బానెట్ లోపలి సందులో చచ్చిందంటే నెల రోజులు ఆ వాసన భరించాలి.

మందు డబ్బా మీద రంగుల ముక్కోణం ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికంటే ఎక్కువ విషం. దాని తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా తినే వస్తువు కాదు. మందు కలిపిన గిన్నెను మళ్ళీ వంటింట్లోకి తేకూడదు.

పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టును ఇంట్లోకి అసలు తేవద్దు. దానికి విరుగుడు లేదు. తిన్న మనిషి మొదటి రెండు రోజులు బాగానే కనిపించవచ్చు. "ఏం కాలేదు" అని ఇంటివాళ్ళు అనుకుంటారు. ఆ తర్వాత కాలేయం చెడిపోతుంది. ఎవరైనా ఏ ఎలుకల మందు మింగినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బానో, పొట్లమో ఆసుపత్రికి తీసుకుపోవాలి. బ్రోమోడయోలోన్‌కు విటమిన్ కె విరుగుడు. పేరు తెలిస్తే డాక్టరుకు చికిత్స తొందరగా తేలుతుంది.

ఒక్క ఇంట్లో ఎలుకలు పోతే కొద్ది రోజులకే పక్కింటివి వస్తాయి. వాడకట్టు అంతా ఒకేసారి బోనులు పెడితే ఫలితం ఉంటుంది. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. జమ్మికుంట, బెల్లంపల్లి, ఆదిలాబాద్‌లలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ఎలుకల నివారణ గురించి అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

గూడు తీయడం, వైరు కలపడం

గూడు దొరికితే చేత్తో లాగవద్దు. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. దాన్నే ఎలుక జ్వరం అంటారు. చేతికి పుండు, గీతలు ఉంటే ఆ క్రిములు అక్కడి నుంచి ఒంట్లోకి పోతాయి. ముందు బ్యాటరీ మైనస్ విప్పాలి. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. గూడు మీద ఫినాయిల్ నీళ్ళు చిలకరించి, పట్టుకారుతో తీసి, దూరంగా పూడ్చాలి. తర్వాత ఫినాయిల్ గుడ్డతో ఆ చోటు తుడవాలి. పైపుతో నీళ్ళు కొట్టవద్దు, కనెక్షన్లలోకి నీళ్ళు పోతాయి.

కొరికిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం మనకు అలవాటు. ట్రాక్టర్ పొలంలో ఊగుతుంది. మెలి వదులవుతుంది. వదులైన చోట వైరు వేడెక్కుతుంది. దుమ్ము, నూనె తగిలి టేపు ఊడుతుంది. కొరికిన ముక్కను కోసి పారేయాలి. అంతే లావు వైరు ముక్క కలపాలి. సన్న వైరు కలిపితే అక్కడే కాలుతుంది. టాంకా పెట్టించాలి, లేదా గొట్టం లాంటి లగ్గు పెట్టి నొక్కించాలి. దాని పైన వేడి చేస్తే బిగుసుకునే తొడుగు వేయించాలి. వైర్ల కట్ట మొత్తాన్ని మడతల పైపులో దూర్చి, ఇంజనుకు, సైలెన్సర్‌కు తగలకుండా కట్టించాలి. ఆ పైపును కూడా ఎలుక కొరకగలదు. అయితే దాన్ని కొరికి లోపలికి పోయేసరికి వారం చూపు వచ్చి మనకు దొరుకుతుంది.

కాపలా లేని బాయి కాడ మోటరు స్టార్టర్ డబ్బాలో కూడా ఇదే ఎలుక చేరుతుంది. అక్కడ 12 వోల్టులు కాదు, 415 వోల్టులు. ఆ డబ్బాలో తెగిన వైరు కనిపిస్తే ట్రాక్టర్‌కు చేసినట్టు సొంతంగా ముట్టవద్దు. లైన్ బంద్ చేయించి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

బీమా సంగతి చాలామందికి చివర గుర్తుకు వస్తుంది. ట్రాక్టర్‌కు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే, మన బండికి ఎలుక చేసిన నష్టానికి డబ్బులు రావు. ఆ బీమా మన బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి మాత్రమే. సొంత బండికి కూడా బీమా చేయించినవాళ్ళు కాగితంలో ఎలుకలు, పురుగులు, షార్ట్ సర్క్యూట్ గురించి ఏం రాసి ఉందో చదవాలి. సన్న అక్షరాలు ఉంటాయి. ఇంగ్లీషులో ఉంటే ఏజెంటును కూర్చోబెట్టి, ఆ వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో చెప్పమని అడగాలి. డబ్బు కట్టక ముందే అడగాలి.